మన్యం కొండలు - కాగితాల చరిత్ర

రెవెన్యూ శాఖలో నా ఉద్యోగంలో కొన్నేళ్లు పాడేరు ప్రాంతంలో గడిచాయి. ఆ కొండల చరిత్ర చాలావరకు కాగితాల చరిత్రే గనుక, ఆ కాగితాలతో పనిచేసిన మనకు అది తెలిసి ఉండటం అవసరమని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

తూర్పు కనుమలు హిమాలయాలకంటే ఎంతో పాతవి. పడమటి కనుమల్లా ఒకే గోడగా ఉండవు. గోదావరి, కృష్ణ వంటి నదులు వాటిని ముక్కలుగా కోశాయి. ఇక్కడ విస్తారంగా కనిపించే ఖోండలైట్ రాతికి ఖోండు గిరిజనుల పేరే పెట్టారు.

గెడ్డల పక్క పల్లంలో మడులు కట్టి వరి పండిస్తారు. వాలు మీద పోడు. వేసవిలో చెట్లు కొట్టి, కాల్చి, తొలకరికి ఆ బూడిదలో చోడి, సామ, కంది చల్లుతారు. రెండు మూడేళ్లకు సారం తగ్గితే ఆ నేలను విడిచి వేరొక చోటికి మారతారు. విడిచిన చోట అడవి మళ్లీ లేచేది. దీనికి కావలసింది విశాలమైన నేల, తిరిగే స్వేచ్ఛ. దొరల ప్రభుత్వం ఆ రెండింటినీ కుదించింది.

కల్లుపై పన్ను, ముఠాదారులపై మన్సబుదారు ఒత్తిడి కలిసి 1879లో రంప తిరుగుబాటు అయింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడుకు ఆంక్షలు వచ్చాయి. ఘాట్ రోడ్లకు కూలి సరిగా ఇవ్వక చేయించిన చాకిరీ దానికి తోడై, 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్‌పై దాడి చేసింది.

భూమి సంగతి వేరు. అప్పు పత్రాలతో నేల మైదానం వారికి పోతోందని 1917లో ఒక చట్టం, 1959లో ఒకటో నంబరు రెగ్యులేషన్ వచ్చాయి. 1970 సవరణతో ఏజెన్సీలో గిరిజనేతరుల మధ్య కూడా భూమి బదిలీ నిషిద్ధమైంది. 1997లో సమతా కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఆ నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం సాగులో ఉన్నవారి హక్కును గుర్తించింది.

ఇన్ని చట్టాలున్నా, తాతల నాటి పోడు తనదేనని నిరూపించే భారం ఇప్పటికీ కొండవాడిదే. పాత అడంగల్‌లో ఒక్క పేరు, నాటి విచారణలో రాసిన ఒక్క వాంగ్మూలం అతని పక్షాన సాక్ష్యం కాగలదు. ఏజెన్సీలో పనిచేసిన మిత్రులు తమకు గుర్తున్న పాత విచారణలు, సర్వేల వివరాలు రాసి ఉంచవలసిందిగా నా మనవి. మనం పోతే అవి చెప్పేవారుండరు.