మిద్దెకు అందని రక్షణ

ఫ్లోరెన్సు నగరంలో మెడిచీ కుటుంబం 1444లో మొదలుపెట్టిన మూడంతస్తుల ఇల్లు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. సాంస్కృతిక పునరుజ్జీవన కాలపు ఇల్లంటే ముందు దాన్నే చూపిస్తారు. అదే యుగంలో మన నల్లమల అంచున ఏం కట్టుకున్నారు?

చెరువు కట్టుకున్నారు. కృష్ణదేవరాయలు 1509లో గద్దెనెక్కారు. ఆయన పెళ్లాడిన గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని కంభం చెరువును చెప్పుకుంటాం. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా వేసిన 57 అడుగుల ఎత్తు కట్ట అది. 2020లో దానికి అంతర్జాతీయ నీటిపారుదల వారసత్వ గుర్తింపు వచ్చింది. మార్కాపురం చెన్నకేశవుని గుడిలోనూ ఆ కాలపు శిల్పుల చేతిపని కనిపిస్తుంది. రాతి పనితనం నీళ్లకు, దేవుడికి దక్కింది. సంసారుల ఇళ్లకు మొరటు రాయి, మట్టి మిగిలాయి.

1565లో రాయల విజయనగర రాజ్యం దెబ్బతిన్నాక రాజధాని పెనుకొండకు, ఆపైన చంద్రగిరికి మారింది. చంద్రగిరి రాజమహల్ మూడంతస్తుల్లో కర్ర ముక్కన్నది లేదు. అంతా రాయి, ఇటుక, సున్నం. చెదపట్టేది లేదు, నిప్పంటుకునేది లేదు. నేడది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో మ్యూజియంగా ఉంది.

మన మిద్దె తీరు వేరు. రాతి గోడకు మట్టే అతుకు. దూలాల మీద దంతెలు, దంతెల మీద బండలో కంపో పరిచి, ఆపైన చౌడు మట్టి మందంగా పోస్తారు. తొలి జల్లుకు చౌడు పైపొర బిగుసుకుంటుంది, ఇక చుక్క కిందికి దిగదు. ఏటా తొలకరికి ముందు కొత్త చౌడు తోలాల్సిందే. నడిమింట్లో తలెత్తితే గవాచి. పొగ పోయేది, వెలుతురు వచ్చేది దానిలోంచే. మబ్బు పట్టగానే మిద్దెక్కి దానిమీద బండ మూస్తారు. గోడలో దీపపు గూడు, వీధిలో అరుగు. ఎండకాలం మధ్యాహ్నం ఆ ఇంట్లో ఒక్క గంట కూర్చుంటే చాలు, అది ఎంత తెలివైన కట్టడమో ఒంటికే తెలుస్తుంది. నా దృష్టిలో రాజమహల్ పనితనానికి ఇది ఏ రకంగానూ తీసిపోదు.

ఈ ప్రాంతపు పలక రాయికి భూగర్భ శాస్త్రవేత్తలు కంభం పేరే పెట్టుకున్నారు. పొరలు పొరలుగా చీలే ఆ రాతితో మార్కాపురం తరతరాల బడిపిల్లలకు పలకలిచ్చింది. కానీ ఏ పిల్లవాడూ ఆ పలక మీద తన మిద్దె బొమ్మ గీసి దాచలేదు.

కుంఫిణీ పాలన 1800లో వచ్చింది. 1858లో కంభం సీమ కడప జిల్లా నుంచి కర్నూలుకు మారింది. 1970లో కొత్త ఒంగోలు జిల్లాలో చేరింది, ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు పెట్టారు. ఇన్ని మార్పుల్లోనూ మిద్దెలు నిలబడ్డాయి. వాటిని కూల్చింది రాజులు కారు. అన్నదమ్ముల పంపకాలు, చౌడు తోలే మనుషులు కరువవడం, సిమెంటు శ్లాబు మీద మోజు. దూలాలు అమ్ముడుపోతే బండలు పునాదుల్లో కలిసిపోయాయి.

నూరేళ్లు దాటిన కట్టడాన్ని కాపాడేందుకు 1958 నాటి కేంద్ర చట్టం ఉంది, 1960 నాటి రాష్ట్ర చట్టమూ ఉంది. మార్కాపురం, కంభం, గిద్దలూరుల్లో ఊరికొక్క మిద్దెనైనా వాటి కిందికి తేవాలి. ఈలోగా మీ తాతల మిద్దె కూల్చాల్సి వస్తే, గునపం వేయకముందు కొలతలు రాయండి, గవాచిని ఫొటో తీయండి, చౌడు పరచడం తెలిసిన పెద్దాయన చేత ఆ పని చెప్పించుకుని రాసిపెట్టుకోండి.