గాదంకి రాడారున ఏకాక్ష తంత్రి

బళ్ళారి మిద్దెలపైని టెలివిజన్ ఏరియల్ నుండి ఇంటిలోనికి దిగివచ్చు నల్లని తీగను ఎఱుగనివారరుదు. నడుమ రాగితీగ, చుట్టును ప్లాస్టిక్కు, ఆపైని లోహపు అల్లిక, వెలుపల తొడుగు. రెండు వాహకములకును ఇరుసొక్కటియే యగుటచే దీనిని కోయాక్సియల్ కేబుల్, అనగా ఏకాక్ష తంత్రి, అందురు. ఇట్టి నిర్మాణమునకు 1880లో ఆలివర్ హెవిసైడ్ ఇంగ్లండున పేటెంటు పొందెను.

ఇంటి తీగ 75 ఓములది. ప్రసారయంత్రములకు వాడుకలోనున్నది 50 ఓములది. గాలి నింపిన తంత్రిలో నష్టము కనిష్ఠమగుట 77 ఓముల చెంత, అధికశక్తిని మోయుట 30 ఓముల చెంత. ఏబది ఈ రెంటికిని నడుమ కుదిరిన రాజీ. కావున తంత్రి నెన్నుకొనువాడు మోయవలసినది క్షీణసంకేతమా, ప్రబలశక్తియా యని మొదట విచారింపవలెను. పిదప నిడివి. అంగడివాడు దానిని మూరలలో కొలుచును. ఇంజనీరు కాలములో కొలుచును.

ఈ భేదము స్పష్టముగా కానవచ్చు తావు బళ్ళారికి ఆగ్నేయమున, తిరుపతికి చేరువనున్న గాదంకి. 1990వ దశకపు తొలియేండ్లలో అచట నెలకొన్న ఎం.ఎస్.టి. రాడారు 53 మెగాహెర్ట్‌జ్‌పై పనిచేయును. 130 మీటర్ల చదరములో 1024 ఏరియల్ స్థానములు. తొలుత వానికి 32 ప్రసారయంత్రములు, అన్నియు కలిసి గరిష్ఠముగా 25 లక్షల వాట్లు. ఏరియళ్ళు కదలవు. వానికందు తరంగముల దశాభేదముచే కిరణమే వంగును. వంగిన కిరణములు తెచ్చిన ప్రతిధ్వనినుండి మీది గాలుల వేగము తేలును.

గాలిలో 5.66 మీటర్ల తరంగము పాలిథిలీను తంత్రిలో సుమారు 3.73 మీటర్లగును. అనగా జానెడైనను లేని 10 సెంటీమీటర్ల పొరపాటు దశను దాదాపు 10 డిగ్రీలు త్రిప్పును. అన్ని తంత్రులును సమముగా పెరిగిన బాధలేదు. భజనలో అందఱు నొక్కమారే ఆలసించిన తాళము చెడదు, ఒక్కడు తప్పిన చెడును. మూడు డిగ్రీల వెడల్పుగల కిరణము గుఱి తప్పెనేని కొలిచిన గాలియు తప్పే.

తరువాతి కాలమున ఏరియల్ ఒక్కింటికి సుమారు 1 కిలోవాట్ శక్తిగల ప్రసార-గ్రహణ ఘటకమును ప్రత్యేకముగా నమర్చిరి. దానితో మహాశక్తిని పొలమంతయు పంచిపెట్టు బరువు తంత్రికి తగ్గెను. నిడివుల పొంతన మాత్రము తప్పలేదు. ఎండకు తంత్రి వేడెక్కి దశ జరుగుచుండును గనుక, అమర్చిన పిదపను దశలను కొలిచి సరిదిద్దుకొనవలసియే యున్నది.