ఎల్ఈడీనా, ఎల్‌సీడీనా? ఒక పేరు వెనక కథ

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడికి ఊళ్ళో ఇంకో ఉద్యోగం కూడా ఉంటుంది, జీతం లేనిది. ఇన్వర్టర్ మొరాయించినా, మొబైల్ వేడెక్కినా, కొత్త టీవీ కొనాలన్నా ఫోను మనకే వస్తుంది. మాది మదనపల్లె దగ్గర కలకడ. మావైపు టీవీ అంటే టమాట రేటు బాగా పలికిన ఏడాది కొనే వస్తువు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో 190 రూపాయలు దాటింది. అలాంటి సీజను మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. అందుకే ఒకసారి కొంటే పదేళ్ళు రావాలంటారు. అడిగేది మాత్రం ఎప్పుడూ ఒకటే. "ఏం రా, కంప్యూటర్లు చదివినోడివి కదా, ఎల్ఈడీ తీసుకోమంటావా, ఎల్‌సీడీనా?" అని మొన్న మా చిన్నాయన కూడా అడిగాడు. షాపులో "ఎల్‌సీడీ పాత మోడల్ సార్, ఇప్పుడంతా ఎల్ఈడీనే" అన్నారట.

షాపతను చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, నిజమూ కాదు. మనం ఎల్ఈడీ టీవీ అని కొంటున్నది ఎల్‌సీడీ టీవీనే! మరి రెండు పేర్లు ఎందుకొచ్చాయి? ఆ కథ తెలిస్తే టీవీ కొనేటప్పుడు నాలుగు డబ్బులు మిగులుతాయని నా నమ్మకం.

ముందు కాస్త టెక్నికల్ సంగతి. ఎల్‌సీడీ తెర మీద చుక్కలు సొంతంగా వెలగవు. ఒక్కో చుక్కా ఒక బుల్లి కిటికీ లాంటిది. వెనక దీపం వెలుగుతూ ఉంటుంది. మధ్యలో ఉన్న ద్రవ స్ఫటికం, అంటే లిక్విడ్ క్రిస్టల్, మనమిచ్చే వోల్టేజిని బట్టి మెలి తిరిగి వెలుతురుని ఆపుతుంది లేదా వదులుతుంది. ముందున్న ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్ల వల్ల రంగులొస్తాయి. ఫుల్ హెచ్‌డీ తెరలో ఇలాంటి కిటికీలు 62 లక్షలకు పైనే. పాత ఎల్‌సీడీ టీవీల్లో వెనకున్న దీపం సీసీఎఫ్ఎల్ అనే సన్నటి ట్యూబ్‌లైటు. తర్వాత దాన్ని తీసేసి తెల్లటి ఎల్ఈడీ పట్టీలు పెట్టారు. అంతే. కిటికీలు అవే, దీపం మారింది.

నమ్మకం కుదరకపోతే చిన్న పరీక్ష ఉంది. ఎల్ఈడీ టీవీలో మాట వస్తూ బొమ్మ రాకుండా పోయిందనుకోండి. గది చీకటి చేసి, టార్చి తెరకి దగ్గరగా పట్టి చూడండి. బొమ్మ మసగ్గా కదులుతూ కనబడితే ప్యానెల్ బాగానే ఉన్నట్టు, పోయింది వెనకున్న దీపాలు. ఆ పట్టీలు మార్చుకుంటే సరిపోతుంది, ప్యానెల్ మార్చాలంటే మాత్రం దాదాపు కొత్త టీవీ ఖర్చు. మరి నిజంగా ఎల్ఈడీలతోనే బొమ్మ చూపించే తెరలు లేవా అంటే ఉన్నాయి. పార్టీ మీటింగుల్లో, తిరనాళ్ళలో స్టేజీ పక్కన నిలబెడతారే, ఆ పెద్ద తెరలు! దగ్గరికెళ్ళి చూస్తే ఒక్కో దీపం విడిగా కనబడుతుంది.

ఇక చరిత్ర. 1888లో ప్రాగ్‌లో ఫ్రీడ్రిష్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త క్యారెట్ల నుంచి తీసిన కొలెస్ట్రాల్ మీద పనిచేస్తూ ఒక వింత గమనించాడు. ఆయన చేతిలో ఉన్న పదార్థం 145.5 డిగ్రీల దగ్గర కరిగి మబ్బుగా కనబడింది, 178.5 డిగ్రీల దగ్గర మళ్ళీ మారి తేటగా అయింది. అటు పూర్తి ద్రవమూ కాదు, ఇటు స్ఫటికమూ కాదు. అదే ద్రవ స్ఫటికం. దాన్ని తెరగా మార్చడానికి ఇంకో ఎనభై ఏళ్ళు పట్టింది. 1968లో అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీ, జార్జ్ హైల్‌మైయర్ బృందం తయారుచేసిన ఎల్‌సీడీని పత్రికల వాళ్ళకి చూపించింది. కానీ పిక్చర్ ట్యూబుల మీద బాగా సంపాదిస్తున్న ఆ కంపెనీ దీన్ని చివరిదాకా పట్టుకోలేదు. 1973లో జపాన్ వాళ్ళ షార్ప్ కంపెనీ ఎల్‌సీడీతో కాలిక్యులేటర్ అమ్మింది, 1988 నాటికి 14 అంగుళాల కలర్ తెర చేసి చూపించింది. చేతిలో ఉన్న ప్రాడక్ట్ బాగా అమ్ముడవుతోందని కొత్తదాన్ని పక్కన పెట్టే మేనేజర్లు అప్పుడూ ఉన్నారన్నమాట :)

ఈ కథలో బెంగళూరు కూడా ఉంది. మన జిల్లాల నుంచి ఇంజనీరింగ్ అయిపోయిన వాళ్ళలో ఎంతోమంది దిగేది అక్కడే కాబట్టి ఇది తెలుసుకోవాల్సిందే. మేఖ్రీ సర్కిల్ దగ్గర రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది కదా. అక్కడ సి.వి.రామన్ మేనల్లుడు శివరామకృష్ణ చంద్రశేఖర్ ద్రవ స్ఫటికాల మీద ఒక పరిశోధన బృందాన్ని నడిపారు. అప్పటిదాకా పుల్లల్లాంటి పొడుగాటి అణువులే ద్రవ స్ఫటికాలవుతాయని అనుకునేవాళ్ళు. 1977లో చంద్రశేఖర్, సదాశివ, సురేశ్ కలిసి బిళ్ళల్లాంటి అణువులు కూడా అవుతాయని చూపించారు. దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత జపాన్‌లో ఫ్యూజీఫిల్మ్ ఆ జాతి పదార్థంతోనే ఒక పొర తయారుచేసింది. ఎల్‌సీడీని పక్కనుంచి చూస్తే రంగులు తేడాగా కనబడే జబ్బు ఆ పొర వల్ల బాగా తగ్గింది. కనిపెట్టింది బెంగళూరులో, అమ్మింది జపాన్‌లో.

దీపం వైపు కథ ఇంకోటి. ఎరుపు, ఆకుపచ్చ ఎల్ఈడీలు ఎప్పట్నుంచో ఉన్నా, నీలం లేకుండా తెలుపు రాదు. 1993లో జపాన్‌లో నిచియా అనే కంపెనీలో షూజీ నకమురా బాగా వెలిగే నీలం ఎల్ఈడీ సాధించాడు. 1996లో అదే కంపెనీ దాని మీద పసుపు ఫాస్ఫర్ పూసి తెల్ల ఎల్ఈడీ తెచ్చింది. కనిపెట్టినందుకు కంపెనీ ఆయనకిచ్చిన బహుమానం 20,000 యెన్లు! ఆయన కోర్టుకెక్కితే, 2005లో 84 కోట్ల యెన్లకి రాజీ కుదిరింది. 2014లో అకసాకి, అమానోలతో కలిసి నోబెల్ వచ్చింది. అప్రైజల్ మాటొచ్చినప్పుడు ఈయన్ని తలచుకోండి.

2004లో సోనీ ఎల్ఈడీ వెలుతురుతో క్వాలియా 005 అనే ఎల్‌సీడీ టీవీ తెచ్చింది, చాలా ఖరీదైనది. 2007 చివరికి ప్రపంచం మొత్తం మీద ఎల్‌సీడీ టీవీల అమ్మకాలు పిక్చర్ ట్యూబు టీవీలను దాటాయి. దాంతో ఎల్‌సీడీ అనే మాట మామూలైపోయింది. అప్పుడు, 2009లో, శాంసంగ్ కంపెనీ తన కొత్త సన్నటి మోడళ్ళకి "ఎల్ఈడీ టీవీ" అని పేరు పెట్టి ప్రకటనలిచ్చింది. అదేదో ఎల్‌సీడీని మించిన మూడో రకం తెర అని జనం అనుకున్నారు. అదే ఏడాది బ్రిటన్‌లో ప్రకటనల మీద ఫిర్యాదులు చూసే ఏఎస్ఏ, ఆ ప్రకటన తప్పుదోవ పట్టించేదిగా ఉందని తేల్చింది. తెర ఎల్‌సీడీదే, వెనక దీపాలే ఎల్ఈడీలు అన్నది స్పష్టంగా లేదని. కానీ అప్పటికే పేరు అతుక్కుపోయింది. మిగతా కంపెనీలూ అదే పేరు ఎత్తుకున్నాయి.

దీపం మారడం వల్ల లాభం లేదని నేననడంలేదు. టీవీ పలచనైంది, కరెంటు ఖర్చు తగ్గింది, సీసీఎఫ్ఎల్‌లో ఉండే పాదరసం పోయింది. ఇవన్నీ నిజమైన లాభాలే. నా గొడవంతా పేరుతోనే. ఒక భాగం మారితే మొత్తం వస్తువు పేరు మార్చి, పాత పేరుని "పాత మోడల్" చేసేశారు. మన భాషలో చెప్పాలంటే ఒక లైబ్రరీ అప్‌గ్రేడ్ చేసి దాన్నే కొత్త ప్రాడక్ట్ అని రిలీజ్ చేసినట్టు.

అదే 2009లో మనవైపు పరిస్థితి చూడండి. సరిహద్దు అవతల తమిళనాడులో 2006 సెప్టెంబరు 15 నుంచి కరుణానిధి ప్రభుత్వం ఇంటింటికీ 14 అంగుళాల కలర్ టీవీ ఉచితంగా పంచుతోంది. 2011లో ప్రభుత్వం మారి పథకం ఆగిపోయేలోపు కోటిన్నరకు పైగా టీవీలు పంచారు. హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగువాళ్ళ ఇళ్ళకీ వచ్చాయి. అది చూశాక ఇటు 2009 ఎన్నికల్లో కుప్పం ఎమ్మెల్యే చంద్రబాబు నాయుడు పేదలకి ఉచితంగా కలర్ టీవీ ఇస్తామని హామీ ఇచ్చారు. పార్టీ గెలవలేదు, టీవీలూ రాలేదు. ఒక పక్క కంపెనీలు ఎల్‌సీడీని కూడా పాతదంటుంటే, ఇంకో పక్క మనకి పిక్చర్ ట్యూబు టీవీనే ఎన్నికల హామీ! టెక్నాలజీ చరిత్ర అందరికీ ఒకే రోజు జరగదు.

ఇంకాస్త వెనక్కెళితే, 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు సైట్ అని ఒక ప్రయోగం నడిచింది. నాసా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 6 రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకి నేరుగా టీవీ కార్యక్రమాలు వేశారు. ఊరంతా ఒక టీవీ ముందు కూర్చునేది. ఆ టీవీ సెట్లు తయారుచేసింది మన హైదరాబాదు ఈసీఐఎల్. 1977లో హైదరాబాదు దూరదర్శన్ మొదలయ్యాక ఈసీ టీవీ చాలా ఇళ్ళలోకి వచ్చింది. నలుపు తెలుపు పిక్చర్ ట్యూబులు బెంగళూరులో బీఈఎల్ చేసేది. అంటే ఆ రోజుల్లో టీవీలో ప్రాణం లాంటి భాగం కూడా దేశంలోనే తయారయ్యేది.

మరి ఇప్పుడు? కలకడ నుంచి పీలేరు మీదుగా బస్సులో రెండు మూడు గంటలు వెళితే తిరుపతి. 2018 అక్టోబరులో షావోమీ కంపెనీ తన టీవీలను తిరుపతిలో డిక్సన్ ఫ్యాక్టరీలో చేయిస్తామని ప్రకటించింది. అదే ఏడాది డిసెంబరులో చైనా కంపెనీ టీసీఎల్ తిరుపతి దగ్గర ప్యానెల్ ఫ్యాక్టరీ పనులు మొదలుపెట్టింది. మన పక్క జిల్లాల పిల్లలకి అక్కడ ఉద్యోగాలొచ్చాయి, సంతోషమే. కానీ లక్షల కిటికీలున్న ఆ గాజు పలక, ఓపెన్ సెల్ అంటారు, ప్రధానంగా చైనా నుంచే వస్తుంది. టీవీ తయారీ ఖర్చులో సగానికి పైగా దానిదే. ఇక్కడ జరిగేది దానికి దీపాలు, బోర్డులు, డబ్బా బిగించే పని. ఇంకో తమాషా, ఎల్ఈడీ అని పేరు పెట్టిన శాంసంగ్ 2022లో ఎల్‌సీడీ ప్యానెళ్ళ తయారీ మానేసింది. షార్ప్ కూడా 2024లో టీవీ ప్యానెళ్ళు ఆపేసింది. బ్రాండు పేరు ఏదైనా లోపలి గాజు ఎక్కువగా ఒకే దేశం నుంచి వస్తోంది.

సరే, మరి ఏం చూసి కొనాలి? సీసీఎఫ్ఎల్ టీవీలు కొత్తవి ఇప్పుడు దొరకవు కాబట్టి ఎల్ఈడీనా ఎల్‌సీడీనా అన్న ప్రశ్నే అయిపోయింది. 2017 నుంచి శాంసంగ్ అమ్ముతున్న క్యూఎల్ఈడీ కూడా ఎల్‌సీడీనే, రంగుల కోసం మధ్యలో క్వాంటమ్ డాట్ల పొర ఉంటుంది. మినీ ఎల్ఈడీ కూడా ఎల్‌సీడీనే, దీపాలు చిన్నవి, ఎక్కువ. నిజంగా వేరే రకం అంటే ఓఎల్ఈడీ, అందులో చుక్కలు సొంతంగా వెలుగుతాయి, వెనక దీపం ఉండదు. నల్లటి చోట నలుపే కనబడుతుంది. ధర మాత్రం మావైపు ఒక పంట డబ్బు.

కాబట్టి షాపులో పేరు అడక్కండి, ఇవి అడగండి. ప్యానెల్ ఐపీఎస్ రకమా, వీఏ రకమా? పది మంది నలుమూలలా కూర్చుని చూసే హాలుకి ఐపీఎస్ నయం, చీకట్లో సినిమాలకి వీఏ నయం. దీపాలు తెర వెనకంతా ఉన్నాయా, అంచుల్లోనేనా? వాటిని భాగాలుగా తగ్గించే లోకల్ డిమ్మింగ్ ఉందా, ఉంటే ఎన్ని భాగాలు? ప్యానెల్‌కి వారంటీ ఎన్నేళ్ళు? దగ్గర్లో సర్వీసు చేసేవాళ్ళున్నారా? మా ఊళ్ళ కరెంటుకి స్టెబిలైజర్ కూడా లెక్కలో వేసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, బిల్లులో అది కూడా చూసుకోండి.

ఈ ప్రశ్నలకి జవాబు చెప్పలేని షాపులో డబ్బా మీద ఎన్ని అక్షరాలున్నా లాభంలేదు. రేపు ఇంకో కొత్త పేరు వస్తుంది, అది ఖాయం. వచ్చినప్పుడు ఒక్కటే అడగండి: మారింది తెరా, దీపమా? దీపమే అయితే తొందరేం లేదు, ఉన్న టీవీ ఇంకో నాలుగేళ్ళు చూడొచ్చు.