నత్త లెక్క

ఒక ఆదివారం పొద్దున మా ఉప్పునీటి తొట్టి అద్దం మీద ఆవగింజంత తెల్లటి చుక్కలు కనిపించాయి. ఇసుకేమో అనుకుని గీకబోతే కదిలాయి. నాచు తింటాయని నేను కొన్న నాలుగు ట్రోకస్ నత్తల పిల్లలవి. సముద్రపు నత్త ఇంట్లో పిల్లల్ని పెట్టడం ఎంత పెద్ద విషయమో అక్వేరియం చరిత్ర మళ్లీ తిరగేస్తే గానీ అర్థం కాలేదు.

1849లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక తొట్టిలో రెండు గోల్డ్‌ఫిష్‌లనీ, వాలిస్నేరియా మొక్కనీ పెట్టాడు. మొక్క వదిలే ఆక్సిజన్ చేపలకు సరిపోతుంది, నీళ్లు మార్చక్కర్లేదు అన్నది ఆలోచన. కానీ ఆకులు కుళ్లి, పాచి పట్టి, నీళ్లు పాడయ్యాయి. అప్పుడాయన చెరువు నత్తల్ని తెచ్చి వేశాడు. అవి కుళ్లినదంతా తినేశాయి. పైగా అవి పెట్టిన గుడ్లు చేపలకు తిండి కూడా అయ్యాయి. 1850లో ఆయన ఈ ప్రయోగాన్ని ప్రచురించాడు.

తర్వాత ఇదే సూత్రం సముద్రపు నీటికి ఎక్కింది. ఇంగ్లండులో గాజు మీద పన్ను 1845లోనే పోయింది కాబట్టి గాజు చవక. 1853లో లండన్ జూలో అక్వేరియం తెరిచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ ‘ది అక్వేరియం’ అచ్చయింది. ఇక జనం తీరాల మీద పడ్డారు. అద్దం శుభ్రం చేసే పని ఇక్కడా నత్తదే, పెరివింకిల్ అనే తీరపు నత్తది.

అసలు తేడా ఇక్కడుంది. చెరువు నత్త గుడ్ల నుంచి నేరుగా బుల్లి నత్తలే వస్తాయి. మామూలు పెరివింకిల్ లార్వాలు మాత్రం వారాల తరబడి సముద్రంలో తేలుతూ, సూక్ష్మజీవుల్ని తింటూ పెరగాలి. తొట్టిలో అది జరిగే పని కాదు. నత్త చస్తే ఇంకోటి తీరం నుంచే రావాలి. అంటే వారింగ్టన్ లెక్క సముద్రపు తొట్టిలో సరిపోలేదు, ఆ లోటు తీరం భరించింది. సాఫ్ట్‌వేర్‌లో మేం దీన్ని దాగిన డిపెండెన్సీ అంటాం.

గాస్ కొడుకు ఎడ్మండ్ 1907లో ‘ఫాదర్ అండ్ సన్’లో ఈ సంగతి రాశాడు. తన చిన్నప్పటి రాతిగుంటల్ని సేకరించేవాళ్లు ఖాళీ చేసేశారనీ, తన పుస్తకాలే అందుకు కారణమయ్యాయని తండ్రి చాలా బాధపడ్డాడనీ.

ట్రోకస్ సంగతి వేరు. మగ, ఆడ నత్తలు నీళ్లలోకే వీర్యం, అండాలు వదులుతాయి. లార్వాకి బయటి తిండి అక్కర్లేదు, గుడ్డులోని సొన చాలు. కొద్ది రోజుల్లోనే నేలకు దిగి నాచు గీకడం మొదలెడుతుంది. పంపులో, ఫిల్టర్‌లో పడకుండా ఆ కొద్ది రోజులూ గట్టెక్కితే చాలు.

అలాగని నా తొట్టి తన కాళ్ల మీద తాను నిలబడిందని చెప్పను. ఉప్పు ప్యాకెట్లో వస్తుంది, పంపుకి కరెంటు కావాలి. మొదటి నాలుగు నత్తలూ ఏ సముద్రం నుంచి వచ్చాయో అమ్మినాయన చెప్పలేదు, నేనూ అడగలేదు. వీటిలో బతికినవి కొన్ని నా స్నేహితుడికి ఇస్తానన్నాను. వాడూ నాలుగు కొందామనుకుంటున్నాడు, ఇక కొననక్కర్లేదు.