క్యాలెండర్‌లో పుట్టిన తోడేలు

గోడకు తగిలించే క్యాలెండర్ కోసం మొదలైన కథ భయపెట్టే సినిమాగా తేలింది. అదే 1985లో వచ్చిన హాలీవుడ్ చిత్రం ‘సిల్వర్ బుల్లెట్’.

1979లో అమెరికాలోని ప్రావిడెన్స్‌లో జరిగిన ఫాంటసీ రచయితల సభలో ఓ చిన్న ప్రచురణకర్త హారర్ రచయిత స్టీఫెన్ కింగ్ దగ్గర ఈ మాట ఎత్తాడు. నెలకో బొమ్మ, దాని కింద చిట్టి కథ. బొమ్మలు బెర్నీ రైట్‌సన్‌వి. నెలనెలా పౌర్ణమి వస్తుంది కనుక తోడేలు మనిషి కథ దీనికి అతికినట్టు సరిపోతుందనుకున్నాడు కింగ్. తీరా కలం పట్టాక కథ ఆ కాస్త చోటులో ఇమడలేదు. క్యాలెండర్ అటకెక్కింది, 1983లో ‘సైకిల్ ఆఫ్ ది వేర్‌వుల్ఫ్’ అనే చిన్న నవల వచ్చింది. పన్నెండు నెలలకు పన్నెండు అధ్యాయాలు మాత్రం మిగిలాయి. కొన్ని ముఖ్యమైన పండగలు పౌర్ణమి నాడే పడేలా తిథులను ఇష్టమొచ్చినట్టు జరిపానని కింగే పుస్తకంలో ఒప్పేసుకున్నాడు.

పౌర్ణమి, వెండి తూటా అనాదిగా వస్తున్న నమ్మకాలని చాలామంది అనుకుంటారు. వెన్నెల రాత్రి తోడేలైపోయిన సైనికుడి కథ ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత పెట్రోనియస్‌లో ఉన్నమాట నిజమే. కానీ మనకు తెలిసిన కట్టుబాట్లలో చాలావాటికి సినిమాయే పుట్టిల్లు. 1941 నాటి ‘ది వుల్ఫ్ మ్యాన్’ రాసిన కర్ట్ సియోడ్‌మాక్ నాజీల జర్మనీ విడిచి వచ్చిన యూదుడు. తోడేలు కరిస్తే కరిపించుకున్నవాడూ తోడేలవుతాడు, దాన్ని చంపాలంటే వెండే కావాలి అనేవి ఆ సినిమాతోనే జనంలో పాతుకుపోయాయి. అయితే అందులో ప్రాణం తీసేది వెండి పిడి ఉన్న చేతికర్ర. వెండి తూటా 1944లో ‘హౌస్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’లో పేలింది.

ఆ తూటానే కింగ్ మెయిన్ రాష్ట్రంలోని టార్కర్స్ మిల్స్ అనే కల్పిత ఊరికి తెచ్చాడు. సినిమాకు స్క్రీన్‌ప్లే కూడా అతనిదే. నిర్మాత డీనో డి లారెంటిస్, దర్శకుడు డేనియల్ అటియాస్. షూటింగ్ నార్త్ కరోలినాలో జరిగింది. నడవలేని కుర్రాడు మార్టీకి మేనమామ తయారుచేసి ఇచ్చిన మోటారు కుర్చీ పేరు కూడా సిల్వర్ బుల్లెటే. ఓ రాత్రి మార్టీ వదిలిన బాణసంచా రాకెట్ తోడేలు కంట్లో దిగబడుతుంది. మర్నాడు అక్క జేన్ ఖాళీ సీసాలు సేకరించే వంకతో ఇల్లిల్లూ తిరుగుతూ ఒంటికన్ను మనిషి కోసం వెతుకుతుంది. చివరికి కంటికి కట్టుతో ఎదురయ్యేది ఊరంతా గౌరవించే పాస్టరుగారు. ఈ సినిమా మొత్తంలో వెన్ను జలదరించే ఘట్టం ఇదే, ఇందులో వెంట్రుకల వేషమే లేదు.

ఆ వేషం సంగతికొస్తే, ‘ఈటీ’ బొమ్మ చేసిన కార్లో రంబాల్డీ చేయి పడినా తోడేలు ఎలుగుబంటిలాగే కనిపిస్తుంది. మనిషి తోడేలుగా మారే తీరు చూడాలంటే 1981 నాటి ‘యాన్ అమెరికన్ వేర్‌వుల్ఫ్ ఇన్ లండన్’ చూడాలి. ఆ మేకప్‌కు రిక్ బేకర్ ఆస్కార్ అందుకున్నాడు. తెలిసిన మొహాల మధ్యే హంతకుడున్న చిన్న ఊరి భయం కావాలంటే మాత్రం ‘సిల్వర్ బుల్లెట్’కే నా ఓటు.