ఆహారపరిశ్రమల మురుగునీటి అవాయు జీవశుద్ధి: నంద్యాల – ఆళ్లగడ్డ ప్రాంతము

ఆహారపదార్థములను సిద్ధపరచు కర్మాగారములనుండి వెలువడు మురుగునీటిలోని సేంద్రియ ద్రవ్యమును, గాలి సోకని తొట్లలో, ప్రాణవాయువు లేకయే జీవించు సూక్ష్మజీవులచే జీర్ణింపజేసి, అధికభాగమును మీథేను ప్రధానమైన వాయువుగను, స్వల్పభాగమును బురదగను మార్చు విధానమునకు అవాయు జీవశుద్ధి యని పేరు. పల్లెలలోని గోబరుగ్యాసు తొట్టియు ఈ ధర్మముపైననే పనిచేయును. అయితే అందు పేడ జీర్ణమగుటకు నెలకు పైగా పట్టును గనుక, దినమునకు లక్షల లీటర్ల పలుచని మురుగును వెలువరించు పరిశ్రమకు వేఱువిధమైన నిర్మాణము అవసరమైనది.

ప్రాంతము – పరిశ్రమలు

తూర్పున నల్లమల, పడమట ఎఱ్ఱమల గల కుందూ లోయలో నంద్యాలయు, దానికి దక్షిణమున ఆళ్లగడ్డయు ఉన్నవి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలోని యీ భాగమునకు కర్నూలు–కడప కాలువ నీరు ఆధారము కాగా, వరియు పాడియు ఇచ్చటి ఆహారపరిశ్రమలకు మూలములైనవి. నంద్యాల సోనా బియ్యమునకు పట్టణము పేరే పెట్టబడినది. విజయ డెయిరీ ఇచ్చటి పాడిరైతుల పాలను సేకరించుచున్నది. పచ్చిబియ్యము ఆడించు మిల్లులనుండి మురుగునీరు వెలువడుట అత్యల్పము. వడ్లను నానబెట్టి ఉడికించు ఉప్పుడుబియ్యపు మిల్లుల నీరు మాత్రము పిండిపదార్థములతో గూడి త్వరలో పులిసి దుర్గంధము నిచ్చును.

పాలకేంద్రమున క్యాన్లను, ట్యాంకర్లను, గొట్టములను, నేలను కడిగిన నీటితో పాలును వెన్నయు కొట్టుకొనిపోవును. లీటరు పాలు కుళ్లుటకు సుమారు 100 గ్రాముల ప్రాణవాయువు కావలెను. వేసవిలో లీటరు ఏటినీటియందు కరగియుండునది ఏడెనిమిది మిల్లీగ్రాములకు మించదు. అనగా, ఒలికిపోయిన యొక లీటరు పాలు పదమూడు వేల లీటర్ల నీటిలోని ప్రాణవాయువును హరింపగలవు. ఎండకాలమున సన్నగిల్లు కుందూవంటి ఏటికి ఈ లెక్క మిక్కిలి భయావహమైనది.

ప్రక్రియ

జీర్ణక్రియ నాలుగు అంచెలుగా సాగును. పిండిపదార్థములు, మాంసకృత్తులు, క్రొవ్వులు మొదట జలవిశ్లేషణముచే చిన్న అణువులగును. అవి పిమ్మట ఆమ్లములుగను, ఆ యామ్లములు ఎసిటికామ్లము, హైడ్రోజను, బొగ్గుపులుసువాయువులుగను మారును. తుదకు మీథేను జనక జీవులు వానిని మీథేనుగా మార్చును. ఆమ్లజనక జీవులు శీఘ్రముగను, మీథేను జనకములు మందముగను పెరుగును. ఒక్కసారిగా పాలవిరుగుడు నీరు అధికముగా వచ్చిపడినచో ఆమ్లములు పేరుకొని తొట్టి పులిసిపోవును. అప్పుడు వాయువు తగ్గిపోయి, శుద్ధి కుంటుపడును. కావుననే పీహెచ్ విలువను 7కు సమీపమున నిలుపుటయు, మురుగును ముందుగా సమీకరణపు తొట్టిలో కలిపి సమానముగా పంపుటయు, పైకి తేలిన జిడ్డును తొలగించుటయు తప్పనిసరి యగును.

నిర్మాణము

1970వ దశకమున నెదర్లాండ్స్‌లోని వాహెనింగెన్‌యందు గాట్సే లెటింగా బృందము, చక్కెరదుంపల కర్మాగారపు మురుగుపై పరీక్షించి, యూఏఎస్‌బీ (ఊర్ధ్వప్రవాహ అవాయు బురదపొర) రియాక్టరును రూపొందించినది. ఇందు నీరు అడుగునుండి ప్రవేశించి, నల్లని గుళికలుగా కూడిన జీవపు బురదపొరను దూసికొని మెల్లగా పైకెక్కును. పైభాగమున వాయువు, నీరు, బురద వేఱుపడును. బరువైన గుళికలు క్రిందనే నిలుచుటచేత జీవులు కొట్టుకొనిపోక, కొద్ది గంటలలోనే శుద్ధి సాధ్యమగును. హైదరాబాదున మూసీ తీరమందలి అంబర్‌పేట కేంద్రము, దినమునకు 33.9 కోట్ల లీటర్ల నగరపు మురుగునకు ఈ విధానమునే అవలంబించినది. ఆ నగరముననే బోయిన్‌పల్లి మార్కెట్టులో, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రజ్ఞుల అవాయు విధానముతో కూరగాయల వ్యర్థములనుండి విద్యుత్తును, వంటవాయువును తీయుచున్నారు.

ఫలము

సీఓడీ (రసాయనిక ప్రాణవాయు అవసరము) యను కొలతచొప్పున ఒక కిలో మాలిన్యము తొలగినచో 0.35 ఘనమీటర్ల మీథేను లభించుట సిద్ధాంతము. దినమునకు లక్ష లీటర్ల మురుగు, లీటరునకు 2,000 మిల్లీగ్రాముల సీఓడీ గలదై, అందు ముప్పాతిక భాగము తొలగినదనుకొన్నచో, సుమారు 52 ఘనమీటర్ల మీథేను, అనగా 14.2 కిలోల గ్యాసుబండలు దాదాపు మూడింటి వేడి, చేకూరవలెను. నీటిలో కరగిపోవు భాగముచే వాస్తవమున కొంత తగ్గును. ఈ జీవులకు 35 డిగ్రీల సమీపపు వేడి అనుకూలము. శీతలదేశములు ఇంధనము వ్యయించి కల్పించుకొను ఆ వేడిని, మేనెలలో 40 డిగ్రీలు దాటు నంద్యాల వాతావరణము ఏడాదిలో అధికకాలము ఉచితముగా నొసగుచున్నది. గాలి నూదు యంత్రములకు విద్యుత్తు అక్కఱలేకపోవుటయు, మిగులు బురద స్వల్పమగుటయు ఇతర లాభములు.

పరిమితులు

అవాయు తొట్టినుండి వచ్చు నీరు ఏటికి తగినంత నిర్మలము కాదు. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమముల సాధారణ ప్రమాణము లీటరునకు బీఓడీ (జీవరసాయనిక ప్రాణవాయు అవసరము) ఏటిలో విడుచునపుడు 30, సాగుభూమికి పాఱించునపుడు 100 మిల్లీగ్రాములకు మించరాదని విధించుచున్నది. కనుక గాలి నూదు రెండవ శుద్ధి వెంట నుండవలెను. పుట్టిన మీథేనును గాలిలోనికి వదలివేయుట మురుగు సమస్యను వాతావరణ సమస్యగా మార్చుటయే యగును. దానిని బాయిలరునకో, వంటకో వినియోగింపవలెను, లేదా మండించి వేయవలెను. పాలకును, బియ్యమునకును పేరొందిన యీ లోయకు, తొట్టి కట్టుటతో పాటు దానిని ప్రతిదినము పరీక్షించి నడుపు నేర్పరులను తయారుచేసికొనుటయు అంతే ముఖ్యము; ఏలయనగా ఇది జీవులచే జరుగు పని, నిర్లక్ష్యమును అది సహింపదు.