సొరుగులోని పాట

జేమ్స్ బాండ్ చిత్రములు చూచినవారికి మొదట జ్ఞప్తికి వచ్చునది కథ కాదు. తెరపై తెల్లని చుక్కలు కదలుట, తుపాకి గొట్టములోనుండి చూచినట్లు ఒక మనిషి కనబడుట, అతడు మనవైపు తిరిగి కాల్చుట, గిటారుపై నడచు ఆ చిన్న వరుస. ఈయాన్ సంస్థ 1962 నాటి 'డాక్టర్ నో' మొదలు 2021 వరకు ఇట్టి చిత్రములు 25 నిర్మించినది. వీనిలో దేని ఆరంభసంగీతము మేలైనది? మేమెఱిగిన ఒక సంగీత కుటుంబమున ఈ ప్రశ్న కొన్ని సాయంత్రములు నడచినది. తండ్రిగారిది వయొలిన్, కుమార్తెది వీణ, కుమారునిది గిటారు. మామ్మగారు ఏ వాద్యమును పట్టరు గాని అందరి తప్పులను పట్టుదురు.

వాదము స్వరములతోనే మొదలైనది. అడుగున సాగు వరుసలో పంచమము, శుద్ధ ధైవతము, చతుశ్రుతి ధైవతము, మరల శుద్ధ ధైవతము వచ్చును. రెండు ధైవతములు ప్రక్కప్రక్కన నిలుచుట మన మేళకర్త పద్ధతికి సరిపడదని కుమార్తె పట్టు. రెండవదానిని శుద్ధ నిషాదమనుకొనరాదా యని మామ్మగారు. లెక్కకు అది సరియే, రెంటికిని స్థానమొక్కటే. వినికిడికి మాత్రము అది కనకాంగి కాదు. ఇక ముగింపు మ్రోతలో సాధారణ గాంధారముతో కాకలి నిషాదము కలిసి పలికి, ఏదో తేలని అనుమానమును మిగుల్చును. గూఢచారి కథకు అంతకన్న ఏమి కావలెను?

ఈ వరుస పుట్టుక మనకు మరింత దగ్గరిది. లండనులో జన్మించిన మాంటీ నార్మన్ (1928–2022), వి.ఎస్. నైపాల్ 1961లో ప్రకటించిన 'ఎ హౌస్ ఫర్ మిస్టర్ బిస్వాస్' నవలను సంగీత నాటకముగా మలచు ప్రయత్నమున పాటలు కట్టెను. ట్రినిడాడ్‌లో స్థిరపడిన భారతీయుల కథ అది. అందొక పాట, అపశకునపు తుమ్ముతో పుట్టినవాని గోడు. తుమ్మినంతనే ప్రయాణము మానుకొను మన ఇండ్లలో దీనికి వ్యాఖ్యానమక్కరలేదు. నాటకము రంగమెక్కలేదు, పాట సొరుగులో పడియుండెను. 'డాక్టర్ నో' అవకాశము రాగా నార్మన్ దానిని పైకి తీసి, సాగు స్వరములను తునుకలు చేసి, గిటారుకు తగినట్లు మార్చెను.

దానికి వాద్యబృందపు హంగు కూర్చినవాడు జాన్ బారీ (1933–2011). గిటారు వాయించినవాడు విక్ ఫ్లిక్. పేరు నార్మన్‌కు దక్కెను. అసలు కర్త బారీయే యన్న మాట మాత్రము పోలేదు. 1997లో 'సండే టైమ్స్' పత్రిక అట్లే వ్రాయగా నార్మన్ పరువునష్టపు దావా వేసి, 2001లో గెలిచి, 30,000 పౌనుల పరిహారము పొందెను. వరుస నార్మన్‌దే. కాని ఆ ఇత్తడి వాద్యముల విసురు లేనిచో అది లోకమెల్ల తిరిగియుండునా? వాద్యములను కూర్చినవాని పేరు ప్రకటనలో జారిపోవుట మా వృత్తిలోనివారికి కొత్త కాదు. కుమారుడు బారీ పక్షము. అన్నమయ్య పదములెన్నిటికో రాళ్ళపల్లి వారు వరుసలు కట్టిరి, మనమెవరి పేరు చెప్పుచున్నామని తండ్రిగారు.

ఇక పోలిక. 'డాక్టర్ నో'లో తుపాకి పేలువరకు ఎలక్ట్రానిక్ ధ్వనులే; ఆ పిమ్మటనే వరుస అందుకొనును. 1964 నాటి 'గోల్డ్‌ఫింగర్'లో షిర్లీ బాసీ గొంతు ఇత్తడి వాద్యములతో పోటీపడి నిలిచినది. కుమార్తె ఓటు దానికే. 1969 చిత్రమున పేర్లు పడునపుడు గాత్రమే లేదు, అది కుమారుని ఎన్నిక. 1973లో పాల్ మెకార్ట్‌నీ బృందము పాడిన పాట సందడి చేసినది గాని మాకంతగా రుచింపలేదు. 2006 నాటి 'కాసినో రాయల్'లో డేవిడ్ ఆర్నల్డ్ అసలు వరుసను పూర్తిగా వినిపింపక చివరివరకు దాచియుంచెను. రాగము పేరు చెప్పక ఆలాపన సాగించినట్లున్నదని తండ్రిగారు మెచ్చిరి. మా మొగ్గును అటే.

మామ్మగారు వీనిలో దేనిని ఎన్నుకొనలేదు. ఆమెకు నచ్చినది ఆరంభసంగీతమే కాదు. 1983 నాటి 'ఆక్టోపసీ' కొంత ఉదయపూరులో తీసిరి. అందు మన టెన్నిస్ ఆటగాడు విజయ్ అమృతరాజ్ పాములవాని వేషమున కూర్చుండి, తాను మిత్రుడనని బాండునకు తెలియుటకు ఆ వరుసనే ఊదును.